రక్తపిశాచి బొమ్మ ఉన్న ఆ కార్డు అసలు ఏం చేస్తుంది?

మొన్న వేసవి సెలవుల్లో షార్జా నుంచి మా ఖాలా కొడుకు వచ్చాడు. వాడికి పదమూడేళ్లు. సూట్‌కేసులో బట్టలు, ఖర్జూరాల డబ్బాలతో పాటు చెప్పుల డబ్బా సైజులో ఒక పెట్టె తెచ్చుకున్నాడు. దాని నిండా కార్డులే. రెండో రోజు మధ్యాహ్నం ఏదో వెతుకుతూ మా నానీ ఆ పెట్టె మూత తీసింది. అన్నిటికన్నా పైన, ప్లాస్టిక్ కవర్‌లో భద్రంగా పెట్టుకున్న కార్డు మీద రక్తపిశాచి బొమ్మ.

"యా అల్లాహ్, నమాజ్ చదివే ఇంట్లో ఇదేంది బేటా?" అంది నానీ. మామూ వచ్చి చూసి, పేకాట అంటే పేకాటే, తగలబెట్టేయండి అన్నాడు. ఖాలా ఎటూ తేల్చుకోలేక పెట్టెను తీసి అల్మారా పైన పెట్టేసింది. పిల్లాడు ఏడవలేదు గానీ ఆ రాత్రి అన్నం దగ్గర కూర్చోలేదు. మర్నాడు నాకు ఫోన్: "నువ్వు వార్తలు రాస్తావు కదా, ఇది హరామో కాదో కాస్త చూసి చెప్పు."

హరామో హలాలో చెప్పే ఇల్మ్ నాకు లేదు. నాది బీకాం. కానీ కార్డు మీద ఏం రాసి ఉందో చదవడం, దాని వెనక లెక్క చూడటం నాకు చేతనవుతుంది. ఖాలాని ఒప్పించి, మూడు రోజులు జుహర్‌కీ అసర్‌కీ మధ్య పెట్టె కిందికి దింపించి, వాడి దగ్గర కూర్చుని ఆట నేర్చుకున్నాను. ఏడు ఆటలు వరసగా ఓడిపోయాను. అది వేరే సంగతి.

గల్ఫ్ నుంచో అమెరికా నుంచో వచ్చే పిల్లల పెట్టెల్లో, ఇక్కడి పిల్లల ఫోన్లలో కూడా ఈ ఆట ఉంటోంది. ముఫ్తీ సాబ్ దగ్గరికి వెళ్లి "రక్తపిశాచి కార్డు ఉంచుకోవచ్చా" అని ఒక్క ముక్క అడిగితే ఆయనకు సగం సంగతే తెలుస్తుంది. మిగతా సగం ఈ వ్యాసంలో ఉంది.

ముందు ఆట సంగతి

ఆట పేరు మ్యాజిక్ ద గ్యాదరింగ్. 1993లో అమెరికాలో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అనే కంపెనీ తెచ్చింది. రూపొందించినాయన రిచర్డ్ గార్ఫీల్డ్, గణితంలో డాక్టరేట్ చేసిన మనిషి. మామూ అనుకున్నట్టు ఇది యాభై రెండు ముక్కల పేక కాదు. ఇస్పేటు, ఆఠీను ఏవీ ఉండవు. ఎవరి కార్డుల కట్ట వాళ్లే ఇంటి నుంచి తెచ్చుకుంటారు. కట్టలో కనీసం 60 కార్డులు ఉండాలి. మామూలు ల్యాండ్ కార్డులు తప్ప ఒకే కార్డు నాలుగుకి మించి పెట్టకూడదు.

ఇద్దరూ చెరి 20 లైఫ్‌తో మొదలుపెడతారు. ఎవరి లైఫ్ సున్నాకి చేరితే వాళ్లు ఓడినట్టు. ల్యాండ్ అంటే భూమి కార్డు. వంతుకి ఒకటి చొప్పున కింద పెట్టుకోవచ్చు. ఒక్కో భూమి నుంచి ఒక్కో మానా వస్తుంది. మానా అనేది పసిఫిక్ దీవుల భాషల నుంచి వచ్చిన మాట, శక్తి అని అర్థం. మనం మాత్రం దాన్ని రూపాయి అనుకుంటే ఆట సులువుగా అర్థమవుతుంది. భూమి కార్డులు తప్ప మిగతా కార్డులకు పై మూలన ధర ఉంటుంది. భూమి కార్డును అడ్డంగా తిప్పితే ఒక రూపాయి ఖర్చు పెట్టినట్టు. దీన్నే ట్యాప్ చేయడం అంటారు. మళ్లీ మన వంతు రాగానే ఆ భూములన్నీ నిలువుగా తిప్పుకుంటాం, జేబు మళ్లీ నిండుతుంది. అంటే మొదటి వంతులో ఒక్క రూపాయి, మూడో వంతులో మూడు. జీతం నెలనెలా ఒక్కో రూపాయి పెరుగుతున్న ఇంటి బడ్జెట్ లాంటిది ఇది. ఇక్కడిదాకా నాకు ఐదు నిమిషాల్లో ఎక్కింది.

పేరులో మ్యాజిక్ ఉంది కాబట్టి సిహ్ర్ సంగతి ఏమిటని ఖాలా అడిగింది. చూసింది చెబుతాను. ఆడేవాళ్లు ఏదీ జపించరు, ఎవరినీ పిలవరు. ఆటలో స్పెల్ వేయడం అంటే భూములు అడ్డంగా తిప్పి, ధర కట్టి, కార్డు బల్ల మీద పెట్టడం, అంతే. ఆ పేరు పెట్టుకోవడం, ఆ బొమ్మలతో ఆడటం సరైనదేనా అన్నది ఆలిములు చెప్పాల్సిన మాట.

ఆ కార్డు

నానీ చూసిన కార్డు పేరు వాంపైర్ నైట్‌హాక్. 2009 అక్టోబర్‌లో జెండికార్ అనే సెట్‌లో మొదటిసారి వచ్చింది. తర్వాత చాలాసార్లు మళ్లీ అచ్చు వేశారు. ధర మూడు మానా. అందులో రెండు తప్పనిసరిగా నలుపు రంగువి, మూడోది ఏ రంగైనా పర్వాలేదు. నలుపు మానా స్వాంప్ నుంచి వస్తుంది, అంటే బురదనేల. కింది మూలన 2, గీత, 3 అని ఉంటుంది. ముందుది కొట్టే బలం, తర్వాతది తట్టుకునే బలం. ఒకే వంతులో 3 దెబ్బలు పడితే చస్తుంది, 2 పడితే బతుకుతుంది, వంతు అయిపోగానే ఆ 2 దెబ్బలూ మానిపోతాయి. రేపటికి బాకీ ఉండదు.

ఇక దాని శక్తులు మూడు మాటల్లో రాసి ఉంటాయి: ఫ్లయింగ్, డెత్‌టచ్, లైఫ్‌లింక్. ఆట నియమంగా లెక్కలోకి వచ్చేవి ఇవే. కింద వాలు అక్షరాల్లో ఏదైనా వాక్యం ఉంటే, దానికి ఆట నియమంగా విలువ లేదు.

ఫ్లయింగ్ సంగతి మన పెరట్లో ఎప్పుడో చూసే ఉంటారు. గద్ద కోడిపిల్ల మీదికి దిగగలదు గానీ, కోడి ఎగిరి గద్దను ఆపలేదు. ఈ జీవి దాడికి వస్తే ఎదుటివాడు తన నేల మీది జీవులతో అడ్డుకోలేడు. ఎగిరే జీవి ఉండాలి, లేదా రీచ్ అనే శక్తి ఉన్న సాలీడులు, విలుకాళ్ల లాంటివి ఉండాలి. అదే నేల మీది జీవి మన మీదికి వస్తే మాత్రం నైట్‌హాక్ కిందికి దిగి అడ్డుకోవచ్చు.

డెత్‌టచ్ అంటే తాచుపాము కాటు. ఈ జీవి ఇంకో జీవికి ఒక్క పాయింటు దెబ్బ కొట్టినా చాలు, అవతలిది ఎంత పెద్దదైనా చస్తుంది. తట్టుకునే బలం ఆరున్న ఏనుగైనా పన్నెండున్న రాక్షసుడైనా ఒకటే. ఇక్కడే నేను మొదటి తప్పు చేశాను. నైట్‌హాక్ నా మీద దాడికి వస్తే "నేను చచ్చినట్టేనా" అని అడిగాను. పిల్లాడు నవ్వాడు. కాటు జీవులకే వర్తిస్తుంది, ఆటగాడికి కాదు. ఆటగాడికి తగిలేది మామూలుగా 2 పాయింట్ల దెబ్బే. ఇండిస్ట్రక్టిబుల్ అని రాసి ఉన్న జీవులు కూడా ఈ కాటుకి చావవు. దెబ్బ అసలు తగలకుండా ఎవరైనా ఏదైనా కార్డుతో ఆపేస్తే అప్పుడూ ఏమీ కాదు, ఎందుకంటే కాటు పడాలంటే పన్ను దిగాలి కదా.

ఇందులో ఒక తిరకాసు ఉంది, చాలామంది కొత్తవాళ్లకు తెలియదు. నైట్‌హాక్ దాడికి వెళ్లింది, ఎదుటివాడు ఎగిరే జీవులు రెండింటిని ఒకేసారి అడ్డం పెట్టాడు. దాని బలం రెండే కాబట్టి ఒక్కదాన్నే కొడుతుందనుకుంటాం. కాదు. ఒక్కోదానికి ఒక్క పాయింటు పంచుకోవచ్చు. చావడానికి ఒక్క పాయింటు చాలు కాబట్టి రెండూ పోతాయి. ఆ రెండూ కలిసి మూడు దెబ్బలు కొడితే మనదీ పోతుంది, కానీ ఒకటి ఇచ్చి రెండు తీసుకున్నట్టు.

లైఫ్‌లింక్, అంటే రక్తం తాగడం

రక్తపిశాచి రక్తం తాగడాన్ని ఈ ఆట ఎలా చూపిస్తుందో తెలిసేది ఈ మూడో మాటలో. నెత్తురు గురించి కార్డు నియమాల్లో ఒక్క ముక్క కూడా లేదు. ఉన్నది కూడికా తీసివేతా. ఈ జీవి ఎంత దెబ్బ కొడితే, దాని యజమానికి అంత లైఫ్ పెరుగుతుంది.

కామర్స్ చదివినవాళ్లకు ఇది వెంటనే తెలిసిపోతుంది, డబుల్ ఎంట్రీ. అవతలి ఖాతాలో 2 డెబిట్, ఇవతలి ఖాతాలో 2 క్రెడిట్, ఒకే లావాదేవీలో రెండు పద్దులు. నైట్‌హాక్ ఐదుసార్లు ఎవరూ అడ్డుకోకుండా ఎదుటివాడిని కొట్టిందనుకోండి. వాడు 20 నుంచి 10కి దిగాడు, నేను 20 నుంచి 30కి ఎక్కాను. ఒక్కో దాడికి ఇద్దరి మధ్య తేడా 4 చొప్పున పెరుగుతుంది. మూడు రూపాయల కార్డుకి ఇది చాలా పెద్ద రాబడి.

లైఫ్ వచ్చేది కొట్టిన దెబ్బను బట్టి, చచ్చిన జీవి సైజును బట్టి కాదు. ఆరు బలం ఉన్న ఏనుగును చంపినా నాకు వచ్చేది రెండే. ఒకే ఒక్క బలం ఉన్న ఎలుకను కొట్టినా రెండే, ఎందుకంటే కొట్టింది రెండు. దాడి చేసినప్పుడే కాదు, అడ్డుకున్నప్పుడు కూడా వస్తుంది.

మూడు మాటలూ కలిసి పనిచేసేది ఎలాగో ఒక్క ఉదాహరణ చూస్తే చాలు. ఎదుటివాడు 6/6 ఏనుగుతో నా మీదికి వచ్చాడు. నైట్‌హాక్‌ను అడ్డం పెట్టాను. ఏనుగు దెబ్బకి నైట్‌హాక్ పోయింది. డెత్‌టచ్ వల్ల ఏనుగు కూడా పోయింది. నాకు 2 లైఫ్ వచ్చింది. ఇదంతా ఒకే క్షణంలో జరిగినట్టు లెక్క. ఆరేడు మానా పెట్టి తెచ్చిన జీవి నా మూడు మానా కార్డుతో సరి. అందుకే నైట్‌హాక్ బల్ల మీద కదలకుండా కూర్చున్నా ఎదుటివాడు తన పెద్ద జీవులను పంపడానికి జంకుతాడు.

ఆ "ఒకే క్షణంలో" అన్న మాట దగ్గరే మా ఇద్దరికీ పెద్ద గొడవ అయింది. ఐదో ఆట. వాడి లైఫ్ 2. నేను ఏనుగు, తోడేలు రెండింటితో దాడికి వెళ్లాను. వాడు నైట్‌హాక్‌ను ఏనుగుకి అడ్డం పెట్టాడు. నా తోడేలు బలం 3, అది నేరుగా వాడికే తగిలింది. రెండులో మూడు పోతే మైనస్ ఒకటి, గెలిచాను అని లేచి నిలబడ్డాను. వాడు కదల్లేదు. "భాయ్, ఇంకో రెండు కలుపు" అన్నాడు. నైట్‌హాక్ ఏనుగును 2 కొట్టింది కాబట్టి వాడికి 2 లైఫ్ వచ్చింది. మైనస్ ఒకటికి రెండు కలిపితే ఒకటి. బతికాడు. చచ్చాక లైఫ్ కలిపితే ఎట్లారా అని నేను. చావలేదు భాయ్, రెండూ ఒకేసారి అని వాడు.

కంపెనీ ఉచితంగా ఇచ్చే నియమావళి తీసి చూశాం. పిల్లాడిదే కరెక్టు. యుద్ధంలో దెబ్బలన్నీ ఒకేసారి పడతాయి, లైఫ్‌లింక్ లైఫ్ కూడా ఆ దెబ్బతో పాటే వస్తుంది, ఎవరు బతికారు ఎవరు పోయారు అన్నది ఆ తర్వాత చూస్తారు. ఒకప్పుడు నేను అన్నట్టే ఉండేది. దెబ్బ పడ్డాక లైఫ్ విడిగా, కాస్త ఆలస్యంగా వచ్చేది, ఈలోగా ఆటగాడు పోయేవాడు. 2009 జులైలో ఆ నియమం మార్చారు. నైట్‌హాక్ వచ్చింది ఆ అక్టోబర్‌లో కాబట్టి ఇది పుట్టినప్పటి నుంచీ కొత్త నియమం కిందే ఉంది. నా తోడేలు బలం మూడు కాకుండా నాలుగు ఉంటే వాడి లెక్క సున్నాకి వచ్చి ఆట నాది అయ్యేది. ఆ ఒక్క పాయింటు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంది.

దాని బలహీనతలు

మూడు శక్తులు చూసి భయపడక్కర్లేదు. తట్టుకునే బలం మూడే కదా. 1993 నుంచీ ఉన్న లైట్నింగ్ బోల్ట్ అనే కార్డు ధర ఒకే ఒక్క ఎరుపు మానా, దెబ్బ సరిగ్గా 3. ఒక్క రూపాయితో మూడు రూపాయల సరుకు పోతుంది. ఫస్ట్ స్ట్రైక్ అనే శక్తి ఉన్న జీవి ముందుగా కొడుతుంది. దాని బలం మూడో అంతకన్నా ఎక్కువో అయితే నైట్‌హాక్ పన్ను దిగకముందే అయిపోతుంది, కాటూ లేదు లైఫూ లేదు. ఒక్క చోట మాత్రం దాని రంగే దాన్ని కాపాడుతుంది. డూమ్ బ్లేడ్ అనే కార్డు నలుపు కాని జీవిని మాత్రమే చంపగలదు. నైట్‌హాక్ నలుపు కాబట్టి దాని మీద ఆ కార్డు వేయడానికే వీల్లేదు.

బల్ల మీదికి వచ్చిన వంతులోనే అది దాడి చేయలేదు, ఒక వంతు ఆగాలి. అడ్డుకోవడం మాత్రం వెంటనే చేయగలదు. ఇంకొకటి, దాడికి వెళ్లిన జీవిని అడ్డంగా తిప్పాలి. ఎదుటివాడి వంతులో అది అలాగే అడ్డంగా ఉంటుంది కాబట్టి ఇంటికి కాపలా కాయలేదు. అంటే ప్రతి వంతులోనూ ఒక నిర్ణయం తీసుకోవాలి. పంపితే ఇద్దరి మధ్య నాలుగు తేడా, కానీ వాకిలి తెరిచి ఉంటుంది. ఉంచితే వాకిలి భద్రం, కానీ రాబడి లేదు. నేను ఏడు ఆటలు ఓడింది ఎక్కువగా ఇక్కడే. ఆశకొద్దీ ప్రతిసారీ పంపేవాడిని.

ఈ రక్తపిశాచి ఎక్కడిది?

పిశాచి అనే ఊహను ఈ ఆట ఎప్పుడూ ఒకేలా చూపించలేదు. 1993 మొదటి సెట్‌లోనే సెంగిర్ వాంపైర్ అని ఒక కార్డు ఉండేది. ఐదు మానా, 4/4, ఎగురుతుంది. అది ఎవరికీ లైఫ్ ఇవ్వదు. అది కొట్టిన జీవి ఆ వంతులో చస్తే దాని బలం రెండు వైపులా ఒక్కొక్కటి శాశ్వతంగా పెరుగుతుంది. తిన్న కొద్దీ బలిసే పిశాచి అన్నమాట. 2021లో క్రిమ్సన్ వౌ అనే సెట్‌లో బ్లడ్ అనే టోకెన్లే పెట్టారు. పేరు విని నేను ఉలిక్కిపడ్డాను. తీరా చూస్తే అది చేసే పని ఒక మానా కట్టి, చేతిలో అక్కర్లేని కార్డు ఒకటి పారేసి, ఆ టోకెన్‌ను వదులుకుని, కొత్త కార్డు ఒకటి తీసుకోవడం.

ఈ పిశాచాలు యూరప్ జానపద కథల నుంచి, 1897 నాటి డ్రాక్యులా నవల నుంచి వచ్చినవి. మన దగ్గర చందమామ చదివిన పిల్లలకు బేతాళుడు తెలుసు. కరెంటు పోయిన రాత్రుల్లో చింతచెట్టు మీది చుడేల్ కథలు చెప్పి మమ్మల్ని బాత్రూమ్‌కి కూడా వెళ్లకుండా చేసింది మా నానీయే. ఆ మాట ఆమెకు గుర్తు చేస్తే, అవి కథలు, ఇవి బొమ్మలు అంది. అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. ప్రాణమున్న వాటి బొమ్మలు ఇంట్లో ఉంచని కుటుంబాలు ఉన్నాయి. వాళ్లకు లైఫ్‌లింక్ ఎలా పనిచేస్తుందో ఎంత వివరించినా ప్రయోజనం లేదు, వాళ్ల ప్రశ్నే వేరు. నలుపు రంగు కార్డుల్లో పిశాచాలే కాదు, డెమన్లు కూడా ఉంటాయి. అది దాచి ఆటను వెనకేసుకు రావడం నాకు ఇష్టం లేదు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. 1993 డిసెంబర్‌లో వచ్చిన అరేబియన్ నైట్స్ సెట్‌లో జిహాద్ పేరుతో ఒక కార్డు ఉంది. ఇరవై ఆరేళ్లకు పైగా అది అలాగే ఉండి, 2020 జూన్‌లో కంపెనీ అభ్యంతరకరమైన ఏడు కార్డులను ఆట నుంచి తీసేసినప్పుడు పోయింది. క్రూసేడ్ అనే కార్డూ ఆ ఏడింటిలో ఉంది. ఇదే గార్ఫీల్డ్ 1994లో పూర్తిగా రక్తపిశాచుల మీద ఇంకో కార్డు ఆట చేశాడు. దానికి పెట్టిన పేరు కూడా జిహాదే, ఇంగ్లిష్‌లో ఒక అక్షరం మార్చి రాశారంతే. 1995లో పేరు తీసేసి వాంపైర్ ద ఎటర్నల్ స్ట్రగుల్ అని మార్చారు. రక్తం తాగే పిశాచాల కొట్లాటకు మన దీన్‌లోని మాట తగిలించడం చూశాక, నైట్‌హాక్ బొమ్మ నాకు చాలా మామూలుగా అనిపించింది.

పందెం ఎక్కడుంది?

మామూ పేకాట అన్న మాట పూర్తిగా తప్పు కాదు. 1993లో ఆట వచ్చినప్పుడు నియమాల్లో యాంటీ అని ఒకటి ఉండేది. ఆట మొదలయ్యే ముందు ఇద్దరూ తమ కట్ట నుంచి ఒక్కో కార్డు తీసి పక్కన పెట్టాలి. గెలిచినవాడికి రెండూ సొంతం, మళ్లీ ఇవ్వక్కర్లేదు. గోళీలాటలో గెలిచినవాడు ఎదుటివాడి గోళీలు జేబులో వేసుకున్నట్టే. సూరా మాయిదా 90వ ఆయత్‌లో మైసిర్‌ను, అంటే జూదాన్ని, మద్యంతో పాటు కలిపి నిషేధించిన సంగతి మనందరికీ తెలిసిందే. ఆ పద్ధతిని చూస్తే గుర్తొచ్చేది అదే.

ఆ పందెం నియమం ఎక్కువ కాలం నిలవలేదు. పందేనికి సంబంధించిన చివరి కార్డు 1995లో వచ్చింది, అలాంటి కార్డులన్నీ పోటీల్లో నిషేధం. "గెలిస్తే మీరు అవతలివాడి కార్డు తీసుకుంటారా?" అని మా వాడిని అడిగాను. దొంగతనం చేస్తావా అని అడిగినట్టు చూశాడు. వాళ్లు ఇష్టపడి మార్చుకుంటారు, లేకపోతే కొనుక్కుంటారు.

కొనడం దగ్గర మాత్రం నేను ఖాలాని కూర్చోబెట్టి లెక్క చూపించాను. కార్డులు మూసిన ప్యాకెట్లలో అమ్ముతారు, లోపల ఏముందో కొనేదాకా తెలియదు. మా చిన్నప్పుడు చిప్స్ ప్యాకెట్లలో టాజోలు వచ్చినట్టే, కాకపోతే అక్కడ చిప్స్ అయినా తినేవాళ్లం. నైట్‌హాక్ మొదట వచ్చిన 2009 సెట్ లెక్కే చూడండి. ప్యాకెట్లో 15 కార్డులు. వాటిలో అన్‌కామన్ అనే తరగతివి 3. నైట్‌హాక్ ఆ తరగతిదే. ఆ సెట్‌లో అలాంటి కార్డులు మొత్తం 60 రకాలు. అంటే మనకు కావలసిన ఒక్కటి రావడానికి సగటున 20 ప్యాకెట్లు కొనాలి. కట్టలో నాలుగు పెట్టుకోవాలంటే 80. అప్పట్లో ప్యాకెట్ ధర 3.99 డాలర్లు, మొత్తం 319 డాలర్లు దాటుతుంది. సగటున 20 అన్నాను గానీ ఖాయం అనలేదు. 20 ప్యాకెట్లు కొన్నాక కూడా ఒక్క నైట్‌హాక్ దొరకనివాళ్లు వందలో 36 మంది దాకా ఉంటారు. ఇది మధ్యరకం కార్డు సంగతి. అరుదైన వాటి లెక్క ఇంకా ఘోరం.

"మరి వీడి దగ్గర నాలుగు ఉన్నాయే" అంది ఖాలా, గొంతు మారిపోయి. వాడు వెంటనే చెప్పాడు, నాలుగూ దుకాణంలో విడిగా కొన్నవి అని. అలా కూడా అమ్ముతారు. ఏ కార్డు కావాలో, ఎంతో ముందే చెప్పి, చూసి కొనుక్కోవడం.

ఈ రెండు కొనుగోళ్లకూ తేడా ఉంది. చూసి కొన్నది మామూలు బేరం. మూసిన ప్యాకెట్ విషయంలో రెండు వాదనలు విన్నాను. డబ్బు పెట్టినవాడికి కార్డులు తప్పకుండా వస్తాయి, లాటరీ టికెట్‌లా ఖాళీ చేతులతో పోడు అన్నది ఒకటి. వాడు కట్టిన డబ్బు ఆ కార్డులన్నిటి కోసం కాదు, అందులో ఉండొచ్చనుకునే ఒక్కదాని కోసం, కాబట్టి ఆ ఆశ జూదం లాంటిదే అన్నది రెండోది. 2001లో సౌదీ అరేబియా మతాధికారులు పోకెమాన్ కార్డులను నిషేధించినప్పుడు చెప్పిన కారణాల్లో జూదం పోలిక ఒకటి. నా మట్టుకు నాకు, పిల్లల విషయంలో రెండో వాదనే బరువుగా అనిపిస్తుంది. పదమూడేళ్లవాడికి ఇంకొక్క ప్యాకెట్ చింపితే దొరుకుతుందేమో అన్న ఆశను ఆపుకోవడం కష్టం. ఫోన్‌లో ఆడే ఎరీనాలో జెమ్స్ పేరుతో డబ్బు పెట్టి ప్యాకెట్లు తెరవచ్చు, అక్కడ చేతిలో నోటు పోతున్నట్టు కూడా తెలియదు. అమ్మీ ఫోన్‌లోనో అబ్బా ఫోన్‌లోనో కార్డు వివరాలు సేవ్ అయి ఉంటే ఒకసారి చూసుకోండి.

పిల్లలు మార్చుకునేటప్పుడు మోసపోకుండా ఒక చిన్న గుర్తు. బొమ్మకి కింద కుడివైపు సెట్ గుర్తు ఉంటుంది. అది నలుపైతే మామూలు కార్డు, వెండి రంగైతే అన్‌కామన్, బంగారు రంగైతే అరుదైనది, నారింజ ఎరుపైతే అన్నిటికన్నా అరుదు. మా వాడు కిందటి ఏడాది బంగారు గుర్తు కార్డు ఒకటి పెద్ద పిల్లాడికి ఇచ్చి మూడు నలుపు గుర్తు కార్డులు తీసుకున్నాడట. మూడు వచ్చాయని సంబరపడ్డాడు పాపం.

ఖాలూ షార్జా నుంచి వీడియో కాల్‌లో అంతా విని, ముఫ్తీ సాబ్‌నే అడగండి, కానీ సరిగ్గా రాసి అడగండి అన్నాడు. కాగితం మీద నేనే రాశాను. కల్పిత జీవుల బొమ్మలున్న కార్డులతో, పందెం లేకుండా, ఎవరి కార్డులు వాళ్ల దగ్గరే ఉండేలా ఇద్దరు పిల్లలు ఆడుకోవచ్చా? కార్డు చూసి ధర కట్టి కొనడం, లోపల ఏముందో తెలియని ప్యాకెట్ కొనడం, ఈ రెండింటి హుకుం ఒకటేనా వేరా? ఆటలో మంత్రం, పిశాచి అనే పేర్లు వాడటం ఎంతవరకు సరైనది? బొమ్మలున్న కార్డులు నమాజ్ చదివే గదిలో ఉంచవచ్చా? వాంపైర్ నైట్‌హాక్ కార్డు జిరాక్స్ కూడా దానికి జత చేశాం.

జవాబు ఇంకా రాలేదు. పెట్టె అల్మారా పైనే ఉంది. నాలుగు నైట్‌హాక్ కార్డులు మాత్రం ఈ వ్యాసం రాసేదాకా అని ఖాలాని అడిగి నా దగ్గర పెట్టుకున్నాను. వాడు రోజూ ఫోన్ చేసి, కవర్లు తీయలేదు కదా భాయ్ అని అడుగుతున్నాడు.